చదివి నొక్కమన్న మాస్టరు

మొన్న మా మనవరాలు తన లాప్‌టాప్‌ను వంటగదిలోకి తెచ్చి గట్టు మీద పెట్టింది. లోపలి ఫ్యాను బుస్సుమని తిరుగుతోంది. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొట్టింది. "నానమ్మా, కొత్త సిస్టమ్ దీనికి ఎక్కదట. పాతదాన్ని కంపెనీవాళ్ళు ఇంక చూడరట. పప్పాకు చెప్పు, నయా లేనా పడేగా," అంది. నాకు ఒళ్ళు మండింది. తెర వెలుగుతోంది, మీటలు ఆడుతున్నాయి, మరి చచ్చిందేమిటట? చిల్లుపడిన గిన్నెకు మాటు వేయించి పదేళ్ళు వాడినదాన్ని నేను. ఎక్కడో కూర్చున్నవాడు కాలం చెల్లిందంటే నడిచే వస్తువును పాత సామాన్ల బండికి ఎత్తాలా? "దాన్ని బయట పడేస్తే నిన్ను గూడ పడేస్త," అన్నాను. అది నవ్వుకుంటూ పోయింది. దుమ్ము వాసన మాత్రం పోలేదు. నర్సయ్య మాస్టరు గదిలో ఎప్పుడూ అదే వాసన.

నర్సయ్య మాస్టరు సిరిసిల్ల పక్క మనిషి. గుజరాత్‌లో కిమ్ అనే ఊరి దగ్గర మా ఆయన పనిచేసే మగ్గాల కార్ఖానాలో చీరల డిజైన్లన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. పూర్వం చీర మీద నెమలి రావాలంటే ఆ నెమలిని అట్టల మీద రంధ్రాలుగా కొట్టి, అట్టలను వరుసగా కుట్టి మగ్గానికి ఎక్కించేవారు. ఆ కుట్టే పని నాది. తర్వాత అట్టలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఇక ఈమె ఇంట్లో కూర్చుంటుందని మా ఆయన అనుకున్నాడు. ఒక సాయంత్రం మాస్టరు మా ఇంటికి వచ్చి, "బావా, ఏ దారం యేడ లేస్తదో అక్కకు ఎరుకే. కొత్తగ వచ్చెటోళ్ళకు కంప్యూటర్ వస్తది గాని దారం ఎరుకలేదు. అక్కను పంపు," అన్నాడు. "మూడో తరగతి చదివినదానికి కంప్యూటరా?" అని నేనే కసిరాను. "మరి నెమలి ఏ తరగతి చదివింది?" అన్నాడు. నవ్వు రాలేదు, కోపం వచ్చింది. తెల్లారి మాత్రం వెళ్ళాను.

తెర మీద ఉన్నదంతా ఇంగ్లీషు. నాకు తోచిన ఉపాయం ఒక్కటే. డిజైన్‌ను దాచే, అంటే సేవ్ చేసే గుర్తు పక్కన తెర మీదే ఎర్ర బొట్టుబిళ్ళ అంటించాను. తెరిచే గుర్తు పక్కన పచ్చది, చేసిన తప్పు చెరిపే గుర్తు పక్కన నల్లది. నన్ను చూసి అటుపక్క కూర్చునే కళావతి, ఇటుపక్క కూర్చునే సువర్ణ కూడా అంటించుకున్నారు. మూడు తెరలూ పేరంటానికి బయలుదేరిన ముత్తయిదువుల్లా ఉండేవి. "అక్కా, నువ్వు కంప్యూటర్ నడుపుతలేవు, బిళ్ళలను నడుపుతున్నవ్," అనేవాడు మాస్టరు. "పని అయితాంది గద? నీకేం నొప్పి?" అనేదాన్ని. ఏళ్ళ తరబడి అలాగే అయింది కూడా.

ఒకరోజు కార్ఖానా యజమాని సేఠ్ కొడుకు గదిలోకి వచ్చి, ఈ కంప్యూటర్లు పాతబడ్డాయి, కొత్త సిస్టమ్ వీటికి ఎక్కదు, అన్నీ తీసేద్దామన్నాడు. రెండు కొత్తవి కొంటాడట, ఇంగ్లీషు వచ్చిన ఇద్దరిని పెట్టుకుంటాడట. మా ముగ్గురి కుర్చీలు పోతాయన్న మాట అతను అనలేదు, అనవలసిన పనీ లేదు. మాస్టరు లేచి నిలబడ్డాడు. "ఏక్ హఫ్తా దో సేఠ్. యహీ మెషిన్ చలాకే దిఖాతా హూఁ," అని వారం గడువు అడిగాడు.

ఆదివారం ఒక్కడే కూర్చుని మూడు కంప్యూటర్లలోనూ పాత సిస్టమ్ తీసేసి లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేశాడు. డిజైన్ గీసే ప్రోగ్రాం కూడా వేరేది పెట్టాడు. సోమవారం వెళ్ళి చూస్తే తెరలు తుడిచి ఉన్నాయి.

"నా బిళ్ళలేవి?"

"తీసి పారేసిన."

"ఎవలనడిగి తీసినవ్?"

"తెర మీద తెలుగున్నది అక్కా. చదువు."

నిజమే, మాటలన్నీ తెలుగులో మార్చిపెట్టాడు. ఎప్పుడో బడిలో వదిలేసిన అక్షరాలు. అందరి ముందూ ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ, "ద... స్త్రం... భ... ద్ర..." అన్నాను. కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిది తెలుగేనా మాస్టరూ? కచేరీల గుమాస్తా మాట్లాడినట్టున్నది," అని అరిచాను. నా కుర్చీ కోసమే ఇదంతా అని తెలుసు. అయినా ఆ పూట ఆయన్ను క్షమించలేదు. కుర్చీ నిలబెట్టడానికి నా సిగ్గు తీయాలా?

నాలుగో రోజు తప్పు చేశాను. డిజైన్ దాచబోతూ, ఎర్ర బిళ్ళ ఉండే చోటికే అలవాటుగా మౌస్ బాణాన్ని తీసుకెళ్ళి నొక్కాను. ఇప్పుడక్కడ ఉన్నది బొమ్మను అటుదిటు తిప్పే గుర్తు. తెలియకుండానే రెండు నెమళ్ళనూ ఉన్నచోటే వెనక్కి తిప్పి మగ్గానికి పంపాను. ముక్కూ ముక్కూ కలవవలసిన నెమళ్ళు తోకలు కలుపుకుని పన్నెండు చీరల మీదికి వచ్చాయి. సేఠ్ కొడుకు చీర పట్టుకుని వచ్చి, "యే క్యా హై? మోర్ లోగోంకా ఝగడా హువా క్యా?" అని, నెమళ్ళు కొట్లాడుకున్నాయా అన్నట్టు అరిచాడు. "మైనే కియా," అని తప్పు తన మీద వేసుకున్నాడు మాస్టరు. తిట్లన్నీ తలవంచుకుని పడ్డాడు.

అతను పోయాక మాస్టరు తలుపు మూసి నా మీద విరుచుకుపడ్డాడు. "చేయి యేడికి పోయిందో చూసుకోవా? కండ్లు లేవా? చదివి నొక్కు. చదవకుంట ఏదీ నొక్కకు."

"మనుమలను ఎత్తినదాన్ని. నన్ను తిడతవా?"

"తిడత. కుర్చీ కావాల్నా, వద్దా?"

కావాలి. అందుకని చదివాను. పళ్ళు కొరుక్కుంటూ, ఆయన్ను మనసులో తిట్టుకుంటూ ప్రతి మాటా చదివి నొక్కాను. నెల తిరిగేసరికి కూడబలుక్కోవడం పోయింది. పాత కంప్యూటర్లు పాతవిగానే నడిచాయి, మా కుర్చీలు నిలిచాయి.

కథ అక్కడితో ఆగితే నాకీ మంట ఉండేది కాదు. మెషిన్లు సాఫీగా నడుస్తున్నప్పుడు మాస్టరు దేనికని సేఠ్ కొడుక్కి తోచింది. ఒక మధ్యాహ్నం అతను మా ముగ్గురి దగ్గరికీ ఒక కాగితం తెచ్చాడు. "హాజరీ కా హై మౌసీ, జల్దీ," అన్నాడు. రాసింది గుజరాతీలో. నాకు గుజరాతీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. భోజనం వేళ అయింది, డబ్బా విప్పుకుని ఉన్నాను. సంతకం పెట్టేశాను. నన్ను చూసి మిగతా ఇద్దరూ పెట్టారు. మాస్టరు కొత్త సిస్టమ్ వేసినప్పటి నుంచి పని పాడవుతోందని, చీరలు చెడిపోయాయని, ఆయనతో పని చేయలేమని మేమే చెప్పుకున్నట్టు ఉందట అందులో.

మర్నాడు మాస్టరు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గిది చదివినవా?"

"లే. హాజరీ అన్నడు."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది, తిరిగి నాలుగు అని ఉండేదాన్ని. "సరే, పని చూసుకో," అని తన సంచి తీసుకున్నాడు. గుప్పెడు కొత్తిమీర కోసం కూరగాయలవాడితో గంటసేపు పోట్లాడే నేను, లేచి సేఠ్ దగ్గరికి పోయి ఇది అబద్ధం అని ఒక్క మాట అనలేదు. అంటే నా కుర్చీ పోతుంది. ఆయన గడప దాటేదాకా తెర వైపే చూస్తూ కూర్చున్నాను. సేఠ్ కొడుకు మీద కోపం నాకిప్పటికీ ఉంది. కానీ అతను పరాయివాడు. నేను పరాయిదాన్ని కాదు.

మాస్టరు దగ్గర్లోనే కామ్‌రేజ్ అనే ఊళ్ళో ఇంకో కార్ఖానాలో చేరాడని విన్నాను. పోయి కనబడాలని ప్రతి పండక్కీ అనుకున్నాను. అంతలో ఆయన పోయాడన్న కబురే వచ్చింది.

ఆ ఏడు గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నాను. బస్సుల మీదివి, దుకాణాల మీదివి చూసి, తెలియనిది పక్కవాళ్ళను అడిగి. ఇప్పుడు బ్యాంకులోనైనా, ఆస్పత్రిలోనైనా నా ముందు కాగితం పెడితే మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. వెనక వరుసలో వాళ్ళు గొణుగుతారు. గొణుక్కోనీ. ఆనాటి కాగితం ఇప్పుడు నా చేతికిస్తే ఎక్కడా ఆగకుండా చదివేస్తాను, అడుగున నేను పెట్టిన సంతకం దాకా.