అవ్వ నోట మా కాలేజీ మాట

ఆ రోజుల్లో చదువు సంగతి ఎట్లా ఉన్నా, మాటలు మాత్రం మాకు బాగా వంటబట్టేవి. చేవెళ్లలో బస్సెక్కి మొయినాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ దగ్గర దిగేసరికి నా భాష సగం మారిపోయేది. మెహదీపట్నం నుంచి వచ్చే దోస్తు ఒకడుండేవాడు. వాణ్ణి ఇరానీ అని పిలిచేవాళ్లం (ఇరానీ చాయ్ పడనిదే వాడికి తెల్లారదు). పరీక్ష పోయినా, బస్సు పోయినా వాడిది ఒకటే మాట: "లైట్ లే యారో!" అంటే తేలిగ్గా తీసుకోండ్రా అని. అది మా నోళ్లలో పడి "లైట్ తీస్కో" అయింది. నేను దాన్ని భద్రంగా ఇంటికి మోసుకొచ్చాను. మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, అర్థం అడిగి తెలుసుకుని మరీ అందుకుంది. బర్రె తన్నినా లైట్ తీస్కో, పప్పు మాడినా లైట్ తీస్కో! బాపుకు ఒళ్లు మండేది. తల్లిని అనలేక నన్ను తిట్టేవాడు.

అంతలో అక్కకు మొయినాబాద్ నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడి ఫోటో చూసినప్పటి నుంచీ అక్క నేల మీద నడవడం లేదు. కానీ ఆ ఇంట్లో వాళ్ల అవ్వ మాటే మాట, ఆమె తలూపితేనే ఏదైనా అని మధ్యవర్తి ముందే చెప్పాడు. "నువ్వు నోరు తెరిస్తే సూడు బిడ్డా" అని బాపు నన్ను హెచ్చరించాడు. అవ్వను హెచ్చరించాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

వాళ్లు రానే వచ్చారు. అక్క చాయ్ తెచ్చింది. చూపు పిల్లవాడి మీద ఉండేసరికి, కప్పు కాస్తా వాళ్ల అవ్వ కొత్త చీర మీద బోర్లా పడింది. అక్క కళ్లలో నీళ్లు. అప్పుడు మా అవ్వ, హాయిగా కాళ్లు చాపుకుని, "లైట్ తీస్కో వదినె!" అంది.

బాపు నన్ను చూసిన చూపుకు నేను గోడకు అతుక్కుపోయాను. అయిపోయింది, అక్క పెళ్లి నా చేతుల మీదుగా చెడింది అనుకున్నాను.

"గా మాట నీకెవ్వలు నేర్పిన్రు?" అని అడిగింది పెద్దావిడ.

"ఇంకెవ్వలు, మా మనుమడే!" అని మా అవ్వ గర్వంగా నన్ను చూపించింది.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఒక్కసారిగా కడుపు పట్టుకుని నవ్వింది. "మా ఇంట్ల కిరాయికున్న కాలేజి పోరగాండ్లు గింతే వదినె! చెప్పులు బయట ఇడువుండ్రిరా అంటే లైట్ తీస్కో అవ్వ, నల్లా నీళ్లు బందు జేయుండ్రిరా అంటే లైట్ తీస్కో అవ్వ. ఇని ఇని నాకు గూడ గదే అలవాటైంది." చీర దులుపుకుని అక్కను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏడ్వకు బిడ్డా. చీరదేమున్నది, ఉతికితే పోతది. నువ్వు నాకు నచ్చినవ్."

అబ్బ! నేను గోడ వదిలి ఊపిరి పీల్చుకున్నాను. బాపు నా వీపు తట్టాడు (కొంచెం గట్టిగానే).

ఇప్పుడు ఆ అక్క కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మొన్న పరీక్ష పోయిందని దిగాలుగా కూర్చుంటే, భుజం మీద చెయ్యేసి, "లైట్ తీస్కో అల్లుడా" అన్నాను, నా పాత దర్జాతో. వాడు ఏడుపు మరిచి నవ్వాడు.

"మామా, గది అవ్వలు అనే మాట. ఇప్పుడెవ్వలంటలేరు."

నన్ను ముసలివాళ్లలో కలిపేసినందుకు చురుక్కుమన్న మాట నిజమే. అయినా వాడు నన్ను కూర్చోబెట్టింది ఆ ఇద్దరు అవ్వల పక్కనే కదా అని నవ్వుకున్నాను.