రిపోర్ట్ అడిగిన తండ్రి

ఈ రోజు మధ్యాహ్నం తాండూరులో మా జూనియర్ కాలేజీకి నా సెకండియర్ విద్యార్థిని మౌనిక వాళ్ల నాన్న వచ్చారు. ఆయన కరణ్‌కోట దగ్గర క్వారీలో పనిచేస్తారు. ఇంగ్లిష్ మేడం ఎవరని అడుగుతూ నేరుగా నా దగ్గరికే వస్తుంటే, ఏదో గొడవే అనుకున్నాను.

"మేడం, గీ పిల్లకు ఏం నేర్పిన్రు? వికారాబాద్‌ల డిగ్రీ ఎందుకు చదవాల్నో మూడు కారణాలు రాస్కొచ్చి నా ముంగట చదివింది. కారణాలు మంచిగనే ఉన్నయి గని, రోజు ఎట్ల పోయొస్తదో అండ్ల లేదు," అన్నారు.

అది పోయిన వారం పాఠం. మన అభిప్రాయానికి కారణాలు చెప్పి ఎదుటివాళ్లను ఒప్పించేది ఎక్స్‌పొజిషన్. ఉన్నది ఉన్నట్టు చెప్పేది రిపోర్ట్. ఆ తేడా ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కలేదు.

"మరి మీరేమన్నారు?" అని అడిగాను.

"నీ ఆశ సమజైంది బిడ్డా, గది జర పక్కన పెట్టు. రైలు ఎప్పుడు పోతది, ఎప్పుడొస్తది, స్టేషన్ కెల్లి కాలేజీ ఎంత దూరం, గంతే రాయి అన్న. రాసింది. మీరు రోజు వికారాబాద్ నుంచే వస్తరు గద, నిజమేనా చూడున్రి."

ఆయన ఇచ్చిన కాగితం చదివాను. ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. అంతా నిజమేనని చెప్పాను.

"అయితే పంపిస్త," అంటూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ మౌనిక కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

రేపు క్లాసులో ఆ తేడాను ఆయన మాటల్లోనే చెబుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు దేనికి ఒప్పుకుంటారు, కారణాలకా, వివరాలకా?