కేక వినిపించిన వైపు

మా ఇంగ్లీషు మేడమ్ పోయారని ఆమె చెల్లెలు కావేరిపట్టణం నుంచి ఫోన్ చేసి చెప్పినప్పుడు, నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "బావిలోనా?" అని. "కాదు పాపా, మంచంలోనే. పొద్దున కాఫీ తాగి, రవ్వంత అలుపుగా ఉండాదే అని పండుకునింది. లేపితే లేయలేదు" అన్నదామె. ఫోన్ పెట్టేసి, పని చేసే చోటే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏడుపు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది భయం. మేడమ్‌ని తలచుకుంటే నాకు ఎన్నేళ్ళయినా ముందు భయమే వస్తుంది. ఆమె ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషి కారు. ఆమె పక్కన నిలబడి నేను చూసినది అలాంటిది. ఆమె పట్టి లాగితే బతికినదాన్ని కాబట్టి ఈ నాలుగు మాటలు నేనే రాయాలి.

హోసూరులో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆమె మాకు ఇంగ్లీషు చెప్పేవారు. మా క్లాసులో కొందరి ఇళ్ళలో తెలుగు, కొందరి ఇళ్ళలో తమిళం, కొందరి ఇళ్ళలో కన్నడం. మేడమ్ పద్యాన్ని ఒకసారి ఇంగ్లీషులో చదివి, ఆ తర్వాత మూడు భాషల్లోనూ విప్పి చెప్పేవారు. గంజి పెట్టిన నూలు చీరలు కట్టేవారు. చాక్‌పీసు విరిగితే ఆ ముక్క పారేయకుండా కొంగు చివర ముడి వేసుకునేవారు. సాయంత్రానికి కొంగంతా తెల్లని పొడి.

ఆ ఏడు మా పాఠ్యపుస్తకంలో సముద్రం మీద నడిచే ఒక పాత ఇంగ్లీషు కథాకావ్యం ఉండేది. తుపానులో ఓడ మీది నుంచి ఒక మనిషి నీళ్ళలో పడిపోతాడు. కేక వేస్తాడు. ఓడ వెనక్కి తిప్పితే మునుగుతుందేమోనని కెప్టెన్ విననట్టే ముందుకు పోతాడు. అది మొదటి భాగం. రెండో భాగంలో ఆ కేక అతన్ని వదలదు. గాలిలో అదే, పక్షి అరుపులో అదే, రేవులో పిల్లలు ఆడుకుంటుంటే వాళ్ళ గొంతుల్లోనూ అదే. తోటివాళ్ళు ఒక్కొక్కరే అతన్ని విడిచిపోతారు. మేడమ్ ఆ భాగం చదువుతుంటే మాకు ఒళ్ళు జలదరించేది. కిటికీ బయట లారీ హారన్ కొట్టినా ఉలిక్కిపడేవాళ్ళం.

"ఆ కాలం కవులు పాపం చేసినోణ్ణి సముద్రం మీదికే ఏంటికి పంపించినారో తెలుసునా?" అని ఆమె అడిగారు ఒకరోజు. "ఊర్లో అయితే తప్పించుకునేదానికి సందులు ఉంటాయి. చుట్టాలు ఉంటారు, సాకులు ఉంటాయి. సముద్రం మీద సందుల్లేవు. మనిషీ, వాడు చేసిందీ, అంతే."

నా పక్కన కూర్చునేది బాగలూరు అమ్మాయి. వాళ్ళది చామంతి తోట. తెల్లారి పూలు కోసి బస్సెక్కి వచ్చేది కాబట్టి ఆమె వేళ్ళకు పచ్చివాసన ఉండేది. ఏ సందేహమూ మనసులో దాచుకునే రకం కాదు. లేచి నిలబడి అడిగింది: "మేడం, సముద్రం అంటే ఎంత ఉంటుంది? మన డ్యామంత ఉంటుందా?"

క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "మీలో ఎవురన్నా సముద్రం చూసినారా?" అన్నారు. చేతులు లేవలేదు. ఆమె పుస్తకం మూసేశారు. "అయితే మూడో భాగం ఇప్పుడు చెప్పను. చూసి వచ్చినాక చెప్తా."

అట్లా బయలుదేరాం. చెన్నైకి ఈవల జాలర్ల పల్లె ఒకటి. బస్సు దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. సముద్రం కనబడగానే అందరం బస్సు పక్కనే నిలబడిపోయాం. ఎటు తిరిగినా చూపుకు ఏదో ఒక కొండ తగిలే చోట పుట్టినవాళ్ళం మేము. ఇక్కడ చూపు ఎక్కడా ఆగడం లేదు. "మోకాళ్ళ దాకే, మోకాళ్ళ దాకే" అని మేడమ్ అంటూనే ఉన్నారు. మోకాళ్ళ దాకే దిగాం. నీళ్ళు వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంటే చక్కిలిగింత పెట్టినట్టు అరిచాం.

ఆ అల ఎట్లా వచ్చిందో చెప్పలేను. నోటి నిండా ఉప్పు, చెవుల్లో హోరు, కాళ్ళ కింద నేల లేదు. ఎవరో నా జబ్బ పట్టుకుని లాగారు. మేడమ్. బాగలూరు అమ్మాయి నాకంటే కొంచెం లోపల ఉంది. "మేడం!" అని అరిచింది, ఒక్కసారే. మేడమ్‌కు ఈత రాదు. నన్ను ఒడ్డు మీదికి తోసి ఆమె వెనక్కి తిరిగేసరికి అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా ఆమె లోపలికి పోబోయారు. ఇద్దరు జాలర్లు చేతులు పట్టి ఆపారు. పడవలవాళ్ళు వెతుక్కుంటూ పోయి, సాయంకాలానికి ఆ అమ్మాయిని తెచ్చి ఇసుకలో పడుకోబెట్టారు. అంతకుమించి రాయడం నా వల్ల కాదు.

విచారణ జరిగింది. అనుమతులన్నీ ఉన్నాయి, హెచ్చరికలు చేశారు, ఎవరి తప్పూ లేదు అని తేల్చారు. ఆ మాట వినగానే మేడమ్ ముఖం ఎట్లా అయిందో చూసినవాళ్ళలో నేనొకదాన్ని. ఏదో ఒక శిక్ష వేసి ఉంటే ఆమె తట్టుకునేవారేమో. ఏమీ వేయకుండా పంపించారు.

కొన్ని వారాలకు ఆమె మళ్ళీ క్లాసుకు వచ్చారు. నా పక్క చోటు ఖాళీ. మేడమ్ పుస్తకం తెరిచి మూడో భాగం చదివారు. కెప్టెన్ ముసలివాడవుతాడు. ఒకనాడు ఒడ్డున నడుస్తుంటే మళ్ళీ కేక వినబడుతుంది. అది నిజంగా ఎవరిదో, తన చెవుల్లోదో అతనికి తెలియదు. దూకేస్తాడు. ఈసారి ఒక పిల్లవాడు చేతికి దొరుకుతాడు. ఆ రోజు నుంచి కేక ఆగిపోతుంది. చదవడం అయ్యాక ఆమె పుస్తకం మూశారు. "ఈడ కవి అతన్ని విడిచిపెట్టినాడు. ఏంటికి విడిచిపెట్టినాడో పరీక్షలో రాయండి, మార్కులు వేస్తారు. నాకైతే తెలీదు" అన్నారు. మేడమ్‌కు ఇప్పుడు ఏం వినబడుతోందో అని నేను ఆమె చెవుల వైపు చూస్తూ కూర్చున్నాను.

నేను డిగ్రీ ముగించాక ఒక ఆదివారం ఆమె సూళగిరిలో మా ఇంటికి వచ్చారు. మా నాయన రాగి చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "అప్పా, నీ కూతుర్ని ఆదివారాల్లో మా ఊరికి పంపించు. ఈత నేర్పిస్తా" అన్నారామె.

మా నాయన బిత్తరపోయాడు. "మీకు ఈత వస్తుందామ్మా?"

"ఇప్పుడు వస్తుంది. నా చెల్లెలు నేర్పించింది."

యాభై దాటిన మనిషి, నడుముకు ఖాళీ ప్లాస్టిక్ క్యాను కట్టుకుని, కావేరిపట్టణం దగ్గర తమ తోట బావిలో చెల్లెలి చేత ఈత నేర్చుకున్నారట. స్నానానికి తొట్టిలో నీళ్ళు నిండుగా ఉన్నా చెంబుతో దూరంగా నిలబడి పోసుకునేదాన్ని అప్పట్లో. "నా చేత కాదు మేడం. నన్ను ఏంటికి పిలుస్తారు?" అన్నాను.

"నా చేతికి అందినదానివి నువ్వే. ముందు నువ్వు నేర్చుకోవల్ల."

మా వైపు బావులు మీకు తెలియకపోతే చెబుతాను. అవి చేదబావులు కావు. ఇల్లంత వెడల్పుగా తవ్వి, గోడ వెంబడి రాతిమెట్లు దించి ఉంటాయి. పైనుంచి చూస్తే నీళ్ళు నల్లగా, ఎంత లోతో తెలియకుండా ఉంటాయి. మొదటి ఆదివారం నేను కింది మెట్టు మీద కూర్చుని పొద్దెక్కేదాకా ఏడ్చాను. మేడమ్ మునిగిన మెట్టు మీద గొంతు దాకా నీళ్ళలో నిలిచి నా కోసం కాచుకున్నారు. నా నడుముకు కట్టిన తాడు కొస ఆమె చేతిలో ఉంది. "భయం ఉంటే ఉండనీ. గుడ్లు మాత్రం మూయొద్దు" అన్నారు. ఇంకొక మాట కూడా అనేవారు: "నీళ్ళకు మన మింద కోపమూ లేదు, ప్రేమా లేదు. మనమే ఒకరినొకరం చూసుకోవల్ల."

క్రమంగా చుట్టుపక్కల ఆడపిల్లలు రావడం మొదలుపెట్టారు. చుడీదార్లలో, పాత నైటీల్లో దిగేవాళ్ళు. మేడమ్ ఒకరిని నీళ్ళలోకి దించితే మిగిలినవాళ్ళను కళ్ళతోనే లెక్కపెట్టేవారు. ఆ లెక్క ఆమెకు ఒక జబ్బులా అంటుకుంది. బస్సులో పోతున్నా, పెళ్ళిలో పంక్తిలో కూర్చున్నా పెదవులు కదిలేవి.

ఏటా చామంతులు కోతకు వచ్చేటప్పుడు ఆమె బాగలూరు పోయేవారు. ఒకసారి నేనూ వెంట పోయాను. నన్ను ఆటోలోనే ఉండమన్నారు. ఆ అమ్మాయి తల్లి నడుముకు గోనెసంచి కట్టుకుని పూలు కోస్తోంది. మేడమ్ గట్టు మీద నిలబడ్డారు. ఆ తల్లి తల ఎత్తలేదు.

"ఏంటికి వచ్చినావు? నా బిడ్డని తెచ్చినావా?"

"లేదమ్మా."

"అయితే పో."

మేడమ్ వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆ తల్లి ఒకవేళ ఇటు తిరిగి నన్ను చూస్తుందేమోనని నేను సీట్లో కిందికి జారిపోయాను. ఆమె కూతురి వయసే నాది. ప్రాణంతో ఉన్న నా ముఖం ఆమెకు ఎట్లా చూపించను? మేడమ్ నా తల నిమిరారు. "నిన్ను చూసి కోపపడేదానికి ఆమెకు హక్కు లేదు, నా మీద ఉండాది. నువ్వు సరిగ్గా కూర్చో" అన్నారు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, అడగకుండా, చెప్పకుండా ఆ తల్లే బావి దగ్గరికి వచ్చింది. వెంట మనవరాలు, కొడుకు కూతురు. "నీతో మాట్లాడేదానికి రాలేదు. ఈ పిల్లకి నేర్పించు" అన్నది. మేడమ్ ఏం చేశారో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తాడు ముడి వేయడం, విప్పడం, మళ్ళీ వేయడం. చివరికి తాడు కొస తీసుకుపోయి ఆ తల్లి చేతిలో పెట్టారు. "నువ్వు పట్టుకోమ్మా. నేను నీళ్ళలో ఉంటా." ఆ తల్లి మెట్ల మీద నిలబడి, అరచేతులు ఎర్రబడేలా దాన్ని పట్టుకుంది. పిల్ల తేలేదాకా సడలించలేదు. పోయేటప్పుడు కూడా ఆమె మేడమ్‌తో ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చింది.

ఆ సాయంత్రం నేను అడిగాను, "ఇప్పుడైనా మూడో భాగం అర్థమయిందా మేడం?"

ఆమె తల తుడుచుకుంటూ ఆలోచించారు. "లేదు. ఒకటి మాత్రం తెలిసింది. ఆ ముసలాయన తన పాపం పోతుందని దూకలేదు. ఆడ ఎవురో మునుగుతా ఉండారని దూకినాడు. పాపం సంగతి కవి చూసుకున్నాడు."

చావు ఇంటికి నేను పోయేసరికి ఈత నేర్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఇల్లు పట్టనంత మంది ఆడవాళ్ళు ఉన్నారు. బాగలూరు తల్లి కూడా వచ్చింది. మగవాళ్ళు మేడమ్‌ని తీసుకుపోయాక, తలస్నానాలు చేసి ఇళ్ళకు పోవాలి కదా, ఆడవాళ్ళందరూ పంపుసెట్టు తొట్టి దగ్గరికి నడిచారు. ఆ తల్లి మాత్రం అటు పోకుండా నా ముందుకు వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళూ ఎవరి చూపుకు భయపడి దాక్కున్నానో ఆ చూపు నా ముఖం మీద ఉంది.

"ఆ పొద్దు నా బిడ్డతో ఉండినది నువ్వే కదా?"

తల ఊపాను.

"నన్ను బావిలోకి దించు. నేనెప్పుడూ నీళ్ళలో దిగలేదు. నా బిడ్డకి ఎట్ల ఉండిందో ఒకసారి చూడల్ల."

వద్దని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. సరేనని చెప్పడానికీ చాలలేదు. ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. నీళ్ళు మా మోకాళ్ళకు, నడుముకు, గొంతుకు వచ్చాయి. ఆమె వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి. పాత నూలు చీరలోకి గాలి చేరి ఆమె చుట్టూ నీళ్ళ మీద బుడగలా ఉబ్బింది. అంత భయంలోనూ ఆమె ఒక చేత్తో దాన్ని ఒంటికి అదుముకుంటూ, నన్ను రెండో చేత్తో వదలకుండా పట్టుకుని నిలబడింది. రాతిగోడల మధ్య ఆమె ఊపిరి పెద్దగా వినబడుతోంది, లోపలికీ బయటికీ, లోపలికీ బయటికీ.