అక్కకి ఇచ్చిన తేలిక పని

మా తోడికోడలిని నేను అక్కా అనే పిలుస్తాను. ఆవిడకి కంపెనీవాళ్ళు ఇచ్చిన పని నేను ఈ జన్మలో మర్చిపోను.

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో అక్కది ఇస్త్రీ రోలర్ దగ్గర పని. కాలుతున్న రోలర్ల మధ్యకి తడి దుప్పటి అంచు అందించాలి. చేతులు లోపలికి పోకుండా ముందొక అడ్డకడ్డీ ఉండేది. దానివల్ల పని నెమ్మదిస్తోందని సూపర్‌వైజరే ఊడదీయించాడు. ఒకరోజు దుప్పటితో పాటు అక్క కుడిచెయ్యి కూడా లోపలికి పోయింది. వేళ్ళు మిగిలాయి గానీ, ముడుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అత్తగారు జడ వేస్తుంటే "మళ్ళీ చిన్నపిల్లనైపోయానత్తయ్యా" అని నవ్వేది.

మా బావగారు మంచం పట్టి చాలాకాలమైంది. అక్క చెయ్యి కాలినందుకు బీమావాళ్ళు నెలనెలా ఇచ్చే భత్యంతోనే వాళ్ళకి గడిచేది. అంతలో కంపెనీ తేలిక పని ఇస్తాం రమ్మంది. రానంటే భత్యం ఆగిపోతుంది. అక్క వెళ్ళింది. "కూర్చోబెట్టి బట్టలు లెక్కపెట్టిస్తున్నారే" అని మాతో చెప్పింది. కొన్నాళ్ళకి నేనూ అక్కడే పనికి కుదిరాను. నన్ను బట్టలు మడతపెట్టే దగ్గర వేస్తారని అక్క ధీమా.

మొదటిరోజు కొత్తవాళ్ళందరినీ రోలర్ ముందు నిలబెట్టారు. సూపర్‌వైజర్ మాటలు వెన్న పూసినట్టుంటాయి.

"రామ్మా, ఇలా రా. ఆ గ్లౌజు తీసెయ్. సిగ్గెందుకు, మనవాళ్ళేగా!"

అక్క గ్లౌజు తీసి చెయ్యి పైకెత్తింది. కొందరు గుడ్లప్పగించి చూశారు, కొందరు మొహం తిప్పుకున్నారు. ఆవిడ తేలిక పని ఇదన్నమాట! కొత్త జట్టు వచ్చినప్పుడల్లా చెయ్యి చూపించి, "నా అజాగ్రత్త వల్లే ఇలా అయింది" అనాలి. ఛీ! సంతలో పశువు పళ్ళు చూపించినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఊ, చెప్పమ్మా. ఇదిగో, ఈ అమ్మాయిని రోలర్ మీద వెయ్యాలి" అంటూ నన్ను చూపించాడు.

అక్క నావైపు చూసింది. రోలర్ వైపు చూసింది. కడ్డీ ఇంకా లేదు.

"నా అజాగ్రత్త కాదు. ఇక్కడుండాల్సిన కడ్డీ ఈయన తీయించాడు. అది పెట్టేదాకా ఎవరూ దీని దగ్గరికి రాకండి. నువ్వసలే రాకే" అంది నాతో.

వెన్న కరిగిపోయింది. "భత్యం సంగతి మర్చిపోయినట్టున్నావే?" అన్నాడతను.

"మర్చిపోతే ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పేదాన్నా?" అంది అక్క, గ్లౌజు వేసుకుంటూ.

మేమెవ్వరం రోలర్ ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి దుప్పట్లు గుట్ట పడ్డాయి. ఆస్పత్రుల నుంచి ఫోన్ మీద ఫోన్. సాయంత్రానికి కడ్డీ వచ్చింది. ఇన్నాళ్ళూ అది సూపర్‌వైజర్ గదిలోనే ఉందట. దానిమీద తన తువ్వాలు ఆరేసుకునేవాడట, పెద్దమనిషి!

ఇచ్చిన పని చెయ్యనందని కంపెనీవాళ్ళు బీమా ఆఫీసుకి రాసి పంపారు. అక్క భత్యం ఆగిపోయింది. బీమా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం. ఎవరిని కదిపినా రేపు రమ్మంటారు.

నేను ఆ రోలర్ దగ్గరే పనిచేస్తున్నాను. రెండిళ్ళకీ నా జీతమే ఆధారం మరి. కడ్డీ ఉంది. దాని పైన గోడకి అక్క చెయ్యి ఫోటో పెద్దదిగా చేసి తగిలించారు, ఎవర్నడిగి తీశారో ఏమో. కింద ఎర్రక్షరాలతో "అజాగ్రత్త ఫలితం" అని రాయించారు. కొత్త జట్టు వచ్చినప్పుడల్లా సూపర్‌వైజర్ దాన్ని కర్రతో చూపిస్తాడు. అక్క చెయ్యి ఇంకా డ్యూటీ చేస్తూనే ఉంది, పైసా ఇవ్వకుండా చేయించుకుంటున్నారు.