పిలిస్తే వచ్చిన కోడె

టెక్సస్‌లో నా మాస్టర్స్ చదువంతా మాంసం తూకమే. పొడవు కొమ్ముల ఇక్కడి దేశవాళీ కోడెలు ఎంత మాంసం ఇస్తాయి, ఎప్పుడో మన దేశం నుంచి వచ్చిన మూపురం పశువుల రక్తం కలిసిన సంకరజాతివి ఎంత ఇస్తాయి, ఏది మెత్తన, ఏది ఎరుపు. ఇర్వింగ్‌లో మన తెలుగు ఆంటీలు ఎవరైనా ఏం చదువుతున్నావమ్మా అంటే "ఫుడ్ సైన్స్" అని తప్పించుకునేదాన్ని.

కోత రోజున యూనివర్సిటీ కబేళాలో మొదటి సంకర కోడె, లోపలికి వెళ్ళే ఇరుకు దారి దగ్గరే మొండికేసింది. బెదిరిన పశువు మాంసం నల్లబడుతుంది. నల్లబడితే ఆ కోడె లెక్కలోకి రాదు, నా థీసిస్ ముందుకు సాగదు. ప్రొఫెసర్ పశువులను తోలే జెండా ఊపాడు, వీపు తట్టాడు. కదిలితేగా! విసుగెత్తి, ఇంట్లో గొడ్లను పిలిచే అలవాటుకొద్దీ అనేశాను.

"దా నాయనా, దా."

చెవులు నా వైపు తిరిగాయి. ఇంగ్లిష్ కేకలు తప్ప ఇంకేం వినని ఆ కోడె తల వంచుకుని, కంచెకి అవతల నా పక్కనే నడిచి, కోతకు ముందు నిలబెట్టే లోపలి ఇనప పెట్టెలోకి వెళ్ళిపోయింది. తర్వాత దేశవాళీ వాటినీ అలాగే పిలిచి చూశాను. ఒక్కటీ తలెత్తలేదు.

తోలు తీసి వేలాడదీశాక తూకం దగ్గర దాని మూపురం మీద రెండు చేతులూ ఆనించాను. ఆనించి, ఒక చేతిని గ్లవ్‌తోనే కళ్ళకద్దుకోబోయాను. ఛీ, బుద్ధుందా నాకు అని తిట్టుకుంటుండగా రెండో చేతి కింద కండ అదిరింది. ప్రాణం పోయాక కూడా కండ కాసేపు అదురుతుందని చదువుకున్నదాన్నే. అయినా చేయి చప్పున వెనక్కి లాక్కున్నాను. పక్కన తూకం రాస్తున్న వరంగల్ స్నేహితురాలు నవ్వబోయి ఆగిపోయింది.

"మళ్ల పిలువకే. వస్తదేమో."

మర్నాడు కోసి చూస్తే మాంసం ఎర్రగా నిగనిగలాడుతోంది. ప్రొఫెసర్ మురిసిపోయి, మిగిలిన సంకర కోడెలను కూడా నన్నే పిలవమన్నాడు. నా గొంతు విని చావుకి నడిచొచ్చే పశువును ఇంకొక్కదాన్ని కూడా చూడలేను. కుదరదన్నాను.

"పిచ్చా నీకు? డేటా ఖరాబైతే ఇంకో సెమిస్టర్ రిజిస్టర్ చేయాలె. నీ వీసా ఏమైతది?" అని స్నేహితురాలు కసురుకుంది.

ఏమైతే అదవుతుంది, నేను మాత్రం పిలవను. దారి చివర పెట్టె పక్కన నిలబడి టైము రాస్తాను, అంతే అన్నాను.

తర్వాతి కోత రోజున గేటు తీశారు. నేను నోరు విప్పలేదు. పెదవి పంటితో నొక్కిపట్టి, ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. జెండా ఇంకా ఎవరూ ఊపలేదు. కోడెలు కాసేపు ఆగి నన్ను చూశాయి. తర్వాత తలలు వంచుకుని, ఒకదాని వెనక ఒకటి, నా దగ్గరికే నడిచి వచ్చాయి.