కటింగ్ మాస్టారికి పడిన మార్కులు

మా పిన్ని నోరు మంచిది కాదని ఇంట్లో అందరూ అంటారు. నేను ఆవిడ దగ్గరే ఉండి చదువుకుంటున్నాను కాబట్టి అనను.

పన్నెండేళ్ళుగా ఆవిడ ఒక టైలరింగ్ షాపులో ఆల్టరేషన్ల పని చేస్తోంది. కటింగ్ మాస్టారు కత్తిరించిన చొక్కాల్లో సగం చంకల దగ్గర పట్టేస్తున్నాయని తిరిగొస్తాయి. పిన్ని కుట్లు విప్పి సరిచేస్తుంది. చంక రౌండు కాస్త దించమని ఎన్నిసార్లు చెప్పినా మాస్టారు చెవిన వేసుకోడు. పైగా ఆయన సుద్దతో గీసేటప్పుడు ఎవరూ చూడకుండా బల్లకు అడ్డంగా నిలబడతాడు, పరీక్ష హాల్లో జవాబులు దాచుకునే పిల్లాడిలా.

షాపులో రెండో కటింగ్ బల్ల వేస్తున్నారని తెలిసి, అది తనకిమ్మని పిన్ని ఓనరును అడిగింది. ఆవిడకు కటింగ్ రాదని మాస్టారు అడ్డుపుల్ల వేశాడు. ఆ బల్ల మీద ఆవిడ ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. నాకే కడుపు మండింది. పిన్ని మాత్రం ఫోన్లో ఉచితంగా నేర్పే కటింగ్ కోర్సులో చేరిపోయింది.

ఉచితమే గానీ సుఖమేమీ కాదు. వీడియో ఆగిపోయినప్పుడల్లా పిన్ని పాఠం చెప్పేవాణ్ణి తిట్టేది. స్క్రీను మీద గీత ఏదో, పగులు ఏదో తెలియక ఒకసారి కాలరు వంకరగా కత్తిరించింది. అడుగుదామంటే అవతల మనిషే లేడు. నాలుగు వేల మందితో మొదలైన బ్యాచిలో ఐదో వారానికి ముప్పై మంది మిగిలారు. మానేసినవాళ్ళంతా బద్ధకస్తులని పిన్ని తేల్చేసింది, ఆవులిస్తూ.

ఆ కోర్సులో ఒకరి పని ఇంకొకరు దిద్దాలి. పేర్లు కనబడవు. పిన్నికి వచ్చిన ఫోటోలో చొక్కా ముక్కలు పరిచిన బల్ల అంచున ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది. షాపులో మాస్టారి బల్ల మీద ఆ మచ్చ పెట్టింది పిన్నే. అంటే మాస్టారు కూడా ఎవరికీ చెప్పకుండా ఇదే కోర్సులో చేరాడన్నమాట.

సున్నా వేసెయ్యమని నేనే ఎగదోశాను. పిన్ని చాలాసేపు ఆలోచించి, కాలరు బాగుందని మంచి మార్కులే వేసి, కింద "చంక రౌండు అర అంగుళం దించండి" అని రాసింది. పన్నెండేళ్ళుగా చెబుతున్నానని కూడా రాయబోతే నేను ఫోను లాక్కున్నాను.

తరవాతి వారం చొక్కా ఒక్కటీ తిరిగి రాలేదు. ఓనరు ఆశ్చర్యపోతే, మాస్టారు ఛాతీ విరుచుకుని తన ఆన్‌లైన్ చదువు సంగతి బయటపెట్టాడు. ఎవరో మహానుభావుడు ఒక్క ముక్కలో లోపం పట్టేశాడట.

"అలాంటి మనిషే గనక దొరికితే, ఆ రెండో బల్ల కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యొచ్చండీ," అన్నాడు ఓనరుతో.

పిన్ని తన ఫోను తెరిచి ఓనరు చేతికిచ్చింది. ఆయన చదివి నవ్వాపుకోలేక దాన్ని మాస్టారికి అందించాడు. మాస్టారి మొహం కందగడ్డయింది. కొత్త బల్ల ఎవరిదో ఇక ఎవరూ అడగలేదు. కాసేపటికి ఆయన సుద్దముక్క పిన్ని ముందుకు జరిపాడు.

"ఇంకా ఏమైనా తప్పులున్నాయా అమ్మా?"

"కూర్చోండి మాస్టారూ," అంది పిన్ని. "ఓ కోర్సుకు సరిపడా ఉన్నాయి."