రొద లేని రేడియో

నాకు ముక్కు మీద కోపం. మదనపల్లెలో రేడియోలు రిపేరు చేసే రోజుల్లో సెట్టు మీద కంటే తెచ్చినవాళ్ళ మీదే ఎక్కువ చిరాకు పడేవాణ్ణి. పని మటుకు బాగా వచ్చు. కుప్పంలో మా మేస్త్రి దగ్గర మూడేళ్ళు నేర్చుకున్నాను. మీటరు పెట్టి చూడందే ఏ తీగ సంగతీ చెప్పొద్దని ఆయన తొడపాశం పెట్టి మరీ నేర్పాడు. అలా వచ్చిన పని కాబట్టి గర్వమూ బాగానే ఉండేది.

తొంభైల చివర్లో పుంగనూరు నుంచి ఒకావిడ పాత ట్రాన్సిస్టరు తెచ్చింది. స్టేషన్లు మార్చే చక్రం లోపల విరిగిపోయింది. ఆ సామాను ఇక దొరకదు, దీన్ని పారేసి అరచేతిలో పట్టే డిజిటల్ సెట్టు కొనుక్కోమన్నాను. నా మాట నమ్మి కొనుక్కుంది. నెల తిరక్కుండా దాన్ని పట్టుకుని వచ్చింది. వాళ్ళాయన బటను నొక్కితే సెట్టు మూగబోతోందట.

బల్ల మీద పెట్టి నొక్కి చూశాను. అంకెలు మారుతున్నాయి, కడప దొరుకుతోంది, బెంగుళూరు దొరుకుతోంది. బాగుందని పంపేశాను. రెండు వారాలకు మళ్ళీ అదే మాటతో వచ్చింది. విప్పి మీటరు పెట్టాను, ఎక్కడా లోపం లేదు. ఒళ్ళు మండింది. మీ ఆయనకు రేడియో పెట్టుకోవడం చేతకాదు, ఊరికే బస్సెక్కి రావద్దు అని నలుగురి ముందూ నోరు పారేసుకున్నాను. ఆవిడ సెట్టును కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మూడోసారి ఆయనే వచ్చాడు. భార్య భుజం మీద చెయ్యి వేసుకుని, అంగడి మెట్టు కోసం కాలితో వెతుక్కుంటూ ఎక్కాడు. సుగరుతో రెండు కళ్ళూ పోయి అయిదేళ్ళయిందట. ఆ సంగతి ఎక్కడా చెప్పొద్దని, ఎవరి జాలీ తనకు వద్దని ఆవిడకు గట్టిగా చెప్పి ఉంచాడట. నాకు తల కొట్టేసినట్లయింది.

ఆయన మాత్రం కోపం లేకుండా విడమరచి చెప్పాడు. పాత సెట్టులో చక్రం తిప్పుతుంటే రొద వచ్చేది. అది సన్నగిల్లితే స్టేషను దగ్గరపడినట్టు. భార్య పాలు పోయడానికి వెళ్ళాక పొద్దంతా తనే పెట్టుకునేవాడు. ఇప్పుడు బటను నొక్కితే అంతా నిశ్శబ్దం. సెట్టు నడుస్తోందో, బ్యాటరీ అయిపోయిందో తెలియదు. పక్కింటివాళ్ళను కేకేయాల్సి వస్తోంది.

"అన్నీ నేనే చేసుకుంటాండా. దీనికి ఒకరిని పిలసాల్నా అప్పా?"

సెట్టు విప్పాను. లోపల ఒక చిప్పుదే పెత్తనం. బటను నొక్కిన కబురు ముందు దానికే చేరుతుంది. ఫలానా చోటికి పొమ్మని, స్టేషన్లు పట్టే ట్యూనరుకు రెండు సన్నటి రాగి గీతల మీదుగా అదే చెబుతుంది. ఇంకో గీత మ్యూటుది. స్టేషను దొరికేదాకా దాని మీద మూడు ఓల్టులు నిలబడి స్పీకరు నోరు నొక్కేస్తాయి. రొద వినడం ఇష్టంలేని వాళ్ళకోసం పెట్టిన ఏర్పాటు అది. ఆ మూడు ఓల్టులు సరిగ్గా ఉన్నాయని చూసుకునే నేను ఆవిణ్ణి తిట్టింది.

ఆ గీత దారిలో ఆవగింజంత రెసిస్టరు ఉంది. దాన్ని పీకేశాను. బాగున్న సెట్టును చేతులారా చెడగొట్టడం నాకు అదే మొదటిసారి.

ఆయన చేతికిచ్చాను. బటను నొక్కగానే రొద అంగడంతా నిండింది. బయట నిలబడ్డ ఒకాయన లోపలికి తొంగిచూసి ముందు ఆ సెట్టు బాగుచెయ్యమన్నాడు. ఈయన ఒక్కొక్కసారే నొక్కుతూ పోయాడు. రొద సన్నబడింది, దాటిపోయాడు, వెనక్కి నొక్కాడు. కడప పలికింది.

"ఇప్పుడు యాడుండానో తెలస్తాండాది," అన్నాడు.

తప్పయిందని ఆవిడకు చెప్పాలనుకున్నాను. అంతలో ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ సెట్టు మీదికి వెళ్ళింది, ఇంకో స్టేషను పెట్టిద్దామని. ఆయన సెట్టును మెల్లగా పక్కకు జరుపుకుని బెంగుళూరు కోసం తనే నొక్కుకుంటూ పోయాడు. చాపిన ఆ చేత్తోనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది.